మగ్రిబ్ వేళకు పన్నెండు

ఇస్తాంబుల్ మస్జిదులకు వెళ్లినవారి చూపు ముందుగా గుమ్మటం మీదికి పోతుంది. మేము మాత్రం మనిషెత్తు చెక్కపెట్టెలలో నిలిచివున్న పాత గడియారాలను వెదుక్కుంటూ తిరిగాము. కొన్నిచోట్ల అవి మిహ్రాబ్ సమీపంలోనే ఉన్నాయి. డయల్ మీది అంకెలు మన ఖుర్ఆన్ ప్రతుల్లో కనిపించేవే; తయారైన ఊరు మాత్రం లండన్.

హాలెండ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1656లో గడియారానికి లోలకం జతచేశాడు. రెండేళ్లకే లండన్‌లో ఫ్రొమాంటీల్ కుటుంబం అటువంటి గడియారాలను అమ్మకానికి ప్రకటించింది. తర్వాత వచ్చిన, సెకనుకొక ఊపు ఊగే లోలకం దాదాపు ఒక మీటరు పొడవుంటుంది. దానికీ, వేలాడే బరువులకూ చోటు కోసమే ఇంత పొడవు పెట్టె.

ఈ విద్య తండ్రి నుంచి కొడుకుకు, ఒక్కోసారి అల్లుడికి సంక్రమించేది. మార్క్‌విక్ వ్యాపారం అందుకొన్న అల్లుడు మార్కమ్ మామగారి పేరుకు తన పేరు జోడించి ఉస్మానియా రాజ్యానికి గడియారాలు పంపాడు. జార్జ్ ప్రయర్, ఆయన కుమారుడు ఎడ్వర్డ్ కూడా ఆ విపణినే నమ్ముకొన్నారు.

అయితే ఉస్మానియా లెక్కలో దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. మగ్రిబ్ వేళకు ముళ్లు పన్నెండు చూపాలి. ఇది మనకు వింత కాదు. నెలవంక కనిపించిన రాత్రే తరావీహ్‌కు నిలబడేవాళ్లం కదా! కాని అస్తమయం రోజూ ఒకే వేళకు రాదు. అందువల్ల లండన్ గడియారం ఎంత నిక్కచ్చిగా నడిచినా కొద్దిరోజులకే తప్పు చూపేది. దాన్ని దిద్దేవాడు మువక్కిత్. పావువృత్తం ఆకారపు చెక్క పరికరంతో సూర్యుని ఎత్తు కొలిచి, లెక్కవేసి ముళ్లు సవరించేవాడు. మస్జిద్‌ను ఆనుకొని ఉండే ఆయన గదిని మువక్కిత్‌ఖానా అనేవారు. తోప్‌ఖానాలోని నుస్రతియా మస్జిద్ వద్ద అటువంటి గది నేటికీ నిలిచివుంది. బాటసారులు కిటికీలోంచి చూసి తమ జేబు గడియారాలు సరిచేసుకొనేవారు.

1926లో టర్కీ అంతర్జాతీయ సమయాన్ని స్వీకరించింది. మువక్కిత్ చేతిలోని పని పోయింది. అది తేలికగా తీసుకోదగిన నష్టమని మాకు తోచలేదు.

దోల్మాబాహ్చె రాజభవనపు గడియారాల మ్యూజియంలో విదేశీ గడియారాల సరసన 19వ శతాబ్దపు మౌల్వీ దర్వేష్ అహ్మద్ అఫ్లాకీ దదె చేసినవీ ఉన్నాయి. పళ్లచక్రాలన్నీ బయటికి కనిపిస్తాయి. మేము ఎక్కువసేపు నిలబడింది వాటి ముందే.