పట్టికలో లేని చేదు

కానుగ నూనెలో దాదాపు సగం, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే, ఓలియిక్ ఆమ్లం. ఆలివ్ నూనెను మనం అంత డబ్బు పోసి కొనేది ఈ ఆమ్లం పేరు చెప్పే. మిగతాది లినోలియిక్, పామిటిక్, స్టియరిక్, ఇంకా 22 కార్బన్ల బెహెనిక్ ఆమ్లం కొంచెం. ఆ చివరిది పల్లినూనెలోనూ ఉంటుంది. రెండూ చిక్కుడు కుటుంబం మొక్కలే మరి!

అంకెలు మాత్రమే చూస్తే మా రెంజల్‌లో పూరీలు కానుగ నూనెలో కాలాలి. ఎవరూ కాల్చరు. "గది చేదు గద బిడ్డా, బర్లు సుత ముట్టయ్" అనేది నానమ్మ.

ఆ చేదు కరంజిన్, పొంగమాల్ అనే ఫ్లేవనాయిడ్లది. అవి కొవ్వు ఆమ్లాలు కావు. ల్యాబ్‌లో నూనెను మిథైల్ ఎస్టర్లుగా మార్చి, గ్యాస్ క్రొమటోగ్రఫీతో విడదీసి, ఏ ఆమ్లం నూటికి ఎంతో రాస్తారు. కూడితే సరిగ్గా నూరు. అందులో చేదుకు గడి లేదు. డేటాబేసులతో బతికేవాణ్ణి కాబట్టి నాకిది బాగా తెలుసు: కాలమ్ లేని సంగతి సిస్టమ్‌కు లేనట్టే.

పట్టిక అబద్ధమని కాదు. ఇప్పనూనెలో పామిటిక్, స్టియరిక్ రెండూ బాగా ఎక్కువ. చలికాలంలో అది నెయ్యిలా పేరుకోవడానికి కారణం అదే. ఆదిలాబాద్ గోండు గూడేల్లో అది వంటనూనె కూడా. కానుగ దగ్గరికొచ్చేసరికి అసలు సంగతి పట్టిక బయట ఉండిపోయింది. నానమ్మ తరం ఆ సంగతితోనే మొదలుపెట్టింది: నూనె దీపానికి, గజ్జికి, చెక్క పొలానికి.

బోధన్ చుట్టూ ఉన్న ఊళ్ళు చెరుకు ఊళ్ళు. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా మా లెక్కంతా తీపిదే. చేదుకు ధర పలికింది ఆదిలాబాద్ అడవిలో. అక్కడి పవర్‌గూడ మహిళలు కానుగ నూనె తీశారు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. తినే నూనె అయ్యుంటే ఇంజన్‌కు మిగిలేదా?

ఇప్పుడు కాలిఫోర్నియా కంపెనీ ఒకటి ఆ చేదును తీసేసి కానుగను వంటనూనె చేసే పనిలో దిగింది. అది కుదిరితే పట్టిక పూర్తిగా నిజమవుతుంది. గింజకు ధర పెరుగుతుంది, ఏరేవాళ్ళకు నాలుగు డబ్బులూ రావచ్చు. కాకపోతే కాలువ గట్టున రాలిన కాయలు ఎవరివి అన్న పంచాయితీ కూడా అప్పుడే మొదలవుతుంది. ఇన్నేళ్ళూ వాటిని ఏరుకునే ముసలమ్మను ఎవరూ అడ్డుకోలేదంటే, ఆ చేదు వల్లే.