మా కత్తిపీట నేర్పిన పాఠం

ఇడుపులపాయలో ఉండే మాకు సముద్రం చాలా దూరం. మైలవరం, గండికోట జలాశయాలలో పట్టిన చేపలను ఐసుపెట్టెలో వేసుకొని బండిపై వచ్చే వ్యాపారి కేక కోసమే ఆదివారాలు ఎదురుచూస్తూ ఉంటాము.

క్రిందటి వేసవిలో మా పెద్దమ్మాయి ఏడవ నెల గర్భంతో పుట్టింటికి వచ్చింది. ‘‘అమ్మీ, నీ చేతి చేపల పులుసు తినాలని ఉంది’’ అని అడగడమే ఆలస్యం, రెండు కిలోల శీలావతి చేప కొన్నాను. చేపకు జబహ్ అవసరం లేదు. నీటి వేట మనకు హలాల్. కనుక నా మనసులో ఏ సందేహమూ లేకపోయింది. చేపను కత్తిపీట మీద కోసి, దానిపై రెండు చెంబుల నీళ్ళు పోసి, దానిమీదే ఉల్లిపాయలు, దోసకాయ తరిగి పెరుగు పచ్చడి చేశాను.

మరునాటి ఉదయానికి అమ్మాయికి విరేచనాలు, జ్వరం. మధ్యాహ్నానికి లేచి నిలబడలేకపోయింది. ఆసుపత్రిలో సెలైను ఎక్కుతూ ఉండగా, కడుపులోని బిడ్డ కదలిక కోసం ఆమె పొట్టపై చేయి ఉంచి దుఆ చేస్తూ కూర్చున్న ఆ రాత్రిని నేను మరువలేను.

‘‘చేప బాగా ఉడికిందా?’’ అని డాక్టరమ్మ అడిగారు.

‘‘అరగంట ఉడికిందమ్మా.’’

‘‘మరి చేప కోసిన కత్తిపీటతో ఇంకేమి కోశారు?’’

నా నోట మాట రాలేదు. ఏ క్రిమి వల్ల జరిగిందో పరీక్ష చేయనిదే చెప్పలేమని ఆమె అన్నారు. అయితే పులుసు రెండుసార్లు వడ్డించుకొని, పచ్చడి ముట్టని మా వారికి ఏమీ కాలేదు.

ఆ తరువాతనే నేను ఈ విషయాలు చదివి తెలుసుకున్నాను. చెరువులలో, నదులలో ఎయిరోమోనాస్ వంటి బాక్టీరియా సహజంగానే ఉంటుంది. మురుగు కలిసిన నీటి నుండి, శుభ్రత లేని చేతుల నుండి సాల్మొనెల్లా, ఈ.కోలి కూడా చేపకు అంటుకోగలవు. ఐసు వాటి పెరుగుదలను తగ్గిస్తుందే కాని వాటిని చంపదు. ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించినంత మాత్రాన అవి నశిస్తాయనుకోవడం పొరపాటు. వాటిని చంపేది వేడి. ఆహారం లోపలి భాగం సైతం 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరేలా వండాలనీ, వండినదానిని రెండు గంటలకు మించి బయట ఉంచరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది.

2015లో సింగపూరులో మంచినీటి చేపను పచ్చిగా తిన్న అనేకులు గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా బారిన పడ్డారు. వారిలో ఆరోగ్యవంతులైన పెద్దలు కూడా ఉన్నారు. అక్కడ వాడిన చేపలలో ఒకటి మన కొరమీనుకు దగ్గరి బంధువు. పచ్చిగా వడ్డించే వంటకాలలో మంచినీటి చేపను వాడరాదని ఆ ప్రభుత్వం అదే సంవత్సరం నిషేధించింది. మనము పచ్చి చేప తినము, నిజమే. కాని చేప కోసిన కత్తిపీటపై తరిగిన దోసకాయతో పాటు ఆ పచ్చి చేప నీరును తింటూనే ఉన్నాము!

2018లో ఫార్మలిన్ కలిసిందన్న కారణంతో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపలను కొద్ది రోజులు నిషేధించినప్పుడు మేమూ భయపడి చేప మానుకున్నాము. ఎవరో కలిపే మందుకు భయపడ్డాము గాని, మా వంటింటి అజాగ్రత్తను గమనించలేదు.

ఇప్పుడు మా ఇంట్లో చేపకు వేరే కత్తి, వేరే పలక ఉన్నాయి. కూరగాయలు ముందుగా తరిగి మూతపెట్టిన తరువాతే చేపను ముట్టుకుంటాను. కన్ను తేటగా, మొప్ప ఎర్రగా, నొక్కితే కండ తిరిగి పైకి లేచేలా ఉంటేనే కొంటాను. పని ముగియగానే చేతులు, కత్తి, పలక, గట్టు సబ్బుతో, వేడినీళ్ళతో కడుగుతాను.

దివ్య ఖుర్ఆన్ ఆహారం గురించి చెబుతూ హలాల్, తయ్యిబ్ అనే రెండు మాటలను జతగా పేర్కొన్నది. నీటి వేటను హలాల్ చేసినవాడు అల్లాహ్. అది పళ్ళెంలోకి చేరేవరకు తయ్యిబ్‌గా, అంటే పరిశుద్ధంగా ఉంచడం ఆయన మన చేతికిచ్చిన అమానత్. నేను మొదటి మాటతోనే ఆగిపోయాను.

అల్‌హమ్దులిల్లాహ్, మనుమరాలు క్షేమంగా పుట్టింది. అమ్మాయి అత్తవారింటికి బయలుదేరిన రోజున ఆమె సంచిలో బట్టల నడుమ కొత్త కత్తి, కొత్త పలక పెట్టాను. ‘‘ఇవి దేనికమ్మీ?’’ అని ఆమె అడగలేదు.