చెయ్యి గుర్తు తాలూకా

1967లో తమిళనాట కాంగ్రెస్ గద్దె దిగింది. మళ్లీ ఎక్కలేదు. అన్నాదురై, కరుణానిధి, ఎం.జి.ఆర్., జయలలిత... ఒకసారి డీఎంకే సూర్యుడు, ఒకసారి అన్నాడీఎంకే రెండాకులు. మా హోసూరుకు మాత్రం ఈ కబురు బాగా ఆలస్యంగా అందినట్టుంది. 1977 నుంచి 2011 దాకా తొమ్మిది సార్లు శాసనసభకు సాధారణ ఎన్నికలు జరిగితే, ఎనిమిది సార్లు ఇక్కడ గెలిచింది కాంగ్రెస్. 1996లో ఒక్కసారి జనతాదళ్‌కు చోటిచ్చి, మరుసటి ఎన్నికకే మళ్లీ చెయ్యి పట్టుకుంది.

పొత్తులున్నాయి, కాదనను. 1991లో రెండాకులతో పొత్తు, 2006లో సూర్యుడితో. కానీ 1989లో కాంగ్రెస్ ఒంటరిగా నిలబడి రాష్ట్రం మొత్తమ్మీద 26 సీట్లు తెచ్చుకుంటే అందులో హోసూరు ఒకటి. 2011లో కరుణానిధితో కలిసి 63 చోట్ల పోటీ చేసి 5 చోట్ల బతికి బయటపడితే అందులోనూ హోసూరు ఉంది. విచిత్రం చూడండి: 1967లో కాంగ్రెస్‌ను దించడానికి అన్నాదురైతో చేతులు కలిపిన రాజాజీ పుట్టింది హోసూరు పక్కన తొరపల్లిలోనే. ఆయన సొంత తాలూకానేమో 1977 నుంచి ఆయన దించిన పార్టీని పట్టుకు వేలాడింది.

ఎందుకని? హోసూరు దగ్గర బేరిగైలో పెరిగినవాణ్ని కనుక ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మద్రాసు మిత్రులు అడిగారు, తిరుపతి చుట్టాలు అడిగారు. అడిగేవాళ్ల దగ్గర జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: "మీరు తెలుగువాళ్లు కదా! ద్రవిడ పార్టీలు తమిళం పార్టీలు. అందుకే ఢిల్లీ పార్టీ నీడన చేరారు." వినడానికి బాగుంటుంది. నిజం బొత్తిగా లేదనీ అనలేను. బేరిగైలో ఇంట్లో తెలుగు, చేన్లో తెలుగు, పూలు కొనే షావుకారుతో బేరం తెలుగులో. బస్సు బోర్డు, రేషను కార్డు, తాలూకాఫీసు కాగితం తమిళంలో. మాలూరు బస్సెక్కితే బోర్డులు కన్నడంలోకి మారతాయి. ఇలాంటి చోట నీది ఏ భాష అని అడగని పార్టీ మీద కాస్త మెత్తదనం ఉంటుంది.

అయితే ఈ జవాబు కోవిల్‌పట్టి దాకా పోతే నిలవదు. దక్షిణ తమిళనాడులో తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్ల నుంచే ద్రవిడ రాజకీయాల్లో పెద్ద పెద్ద నాయకులు వచ్చారు. వైకో ఇంటి భాష తెలుగు, విజయకాంత్‌దీ అంతే. ద్రవిడ జెండాలో వాళ్లకు పరాయితనం కనిపించలేదు. వాళ్లకూ మాకూ తేడా ఉంది. అక్కడ తెలుగు ఇల్లు దాటి బయటికి రాదు, బడి ఎప్పుడో తమిళమైపోయింది. ఇక్కడ తెలుగు బడి ఉంది, తెలుగు పలక ఉంది, పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే దూరంలో ఆంధ్ర ఉంది. కాబట్టి అసలు కీలకం బడి దగ్గరుంటుందని కొన్నాళ్లు అనుకున్నాను.

బడి కథ వింటే అదీ తేలదు. 2006లో కరుణానిధి ప్రభుత్వం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఏడాదికొక తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16 నాటికి అది పదో తరగతికి చేరింది. తెలుగు బళ్లలో పిల్లలు తగ్గారు. పెద్దలు మొరలు పెట్టుకున్నారు, కోర్టులకెక్కి మినహాయింపులు తెచ్చుకున్నారు. భాషే ఓటును నడిపితే ఆ కోపం ఎటు పోవాలి? చట్టం తెచ్చిన ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేదు, అది నిలబడిందే కాంగ్రెస్ మద్దతు మీద. అయినా 2011లో హోసూరు మళ్లీ చెయ్యి గుర్తుకే వేసింది. గెలిచిన గోపీనాథ్ శాసనసభలో లేచి తెలుగులో మాట్లాడితే జయలలిత తెలుగులోనే జవాబిచ్చారని ఊరు మురిసిపోయింది. చట్టం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక ఉచితాల సంగతి. తమిళనాడు ఓటు అనగానే టీవీ చర్చల్లో ముందొచ్చే మాట ఇదే. మా వీధిలో ఒక అవ్వ ఇంట్లో కరుణానిధి ఇచ్చిన కలర్ టీవీ ఉండేది. 2011 తర్వాత దాని పక్కనే జయలలిత ఇచ్చిన ఫ్యాను, మిక్సీ, గ్రైండరు వచ్చి చేరాయి, ఒక్కోదానిమీద అమ్మ బొమ్మ. కరుణానిధి టీవీలో తెలుగు సీరియలు నడుస్తుంటుంది, జయలలిత మిక్సీలో పచ్చడి తిరుగుతుంటుంది. ఇంతకీ ఓటెవరికి అవ్వా అంటే, "చెయ్యికే కదప్పా, ఇంకెవురికి? ఇచ్చింది తీసుకుంటే ఓటు ఎయ్యాలని యాడుంది? అది సర్కారు దుడ్డు, ఆయమ్మ ఇంట్లోదా?" అంది. ఉచితాలకు ఓటు అమ్ముడుపోతుందనే పెద్దమనుషులు ఒకసారి ఆ అవ్వ వంటింట్లో కూర్చుని రావాలి.

మరి ఆమెకు చెయ్యి అలవాటు చేసిందెవరు? ఊరి అరుగు. కరణాలూ మునసబులూ ఏలిన రోజుల్లో పట్టా మారాలన్నా, కొట్లాట తీరాలన్నా, పోలీసు స్టేషన్లో మాట సాయం కావాలన్నా పోవలసిన గడపలు ఏ ఊళ్లోనైనా రెండో మూడో. మా వైపు ఆ గడపలు కాంగ్రెస్‌వి. 1980లో ఎం.జి.ఆర్. ప్రభుత్వం ఆ గ్రామ పదవులు తీసేసింది. పదవి పోయింది గానీ పెద్దరికం పోలేదు. రాత్రి పదింటికి తలుపు తడితే తీసే మనిషి ఏ పార్టీలో ఉంటే అదే ఊరి పార్టీ. సిద్ధాంతం అంటే జనం నవ్వుతారు.

ఈ సంగతి నాకు తేటతెల్లమైంది ఊరి మాటల్లో కాదు, నియోజకవర్గాల పటంలో. 2008 పునర్విభజనలో వేపనపల్లి పేరుతో కొత్త నియోజకవర్గం పుట్టింది. శూళగిరి చుట్టుపట్ల ఊళ్లు అటు చేరాయి. అవే రెడ్లు, అవే రాగి చేలు, అదే తెలుగు. 2011లో అక్కడి ఓటు యంత్రం మీద చెయ్యి గుర్తు లేదు, పొత్తులో ఆ సీటు సూర్యుడికి పోయింది. జనం సూర్యుడికి నొక్కారు. 2016లోనూ అంతే. 2021లో రెండాకులకు నొక్కారు. పక్కన హోసూరులో 2011లో చెయ్యి గెలిస్తే, ఇక్కడ అదే రోజు సూర్యుడు గెలిచాడు. ముప్పై ఏళ్ల కాంగ్రెస్ అభిమానం ఒక గీత గీస్తే చెదిరిపోయింది. అభిమానమంటూ ఏదైనా ఉంటే అది గుర్తు మీద కాదన్నమాట.

2016లో హోసూరు కూడా మారింది. రెండాకుల పార్టీ బాలకృష్ణారెడ్డిని నిలబెట్టింది. బాగలూరు వైపు మా మామ, పుట్టినప్పటి నుంచి చెయ్యి మనిషి, ఆ ఏడు తీరిగ్గా చెప్పాడు: "మనోడు ఆకుల్లో ఉండాడు. నేను మనోడికేసినాను, ఆకులకి కాదు." కొత్త పార్టీ ఆయన దగ్గరికే నడిచొచ్చింది, ఆయన కదలనవసరం లేకపోయింది. పైగా ఊరే మారిపోయింది. డెబ్బయిల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చాయి, వాటి వెంట తమిళ జిల్లాల నుంచి వేలాది కుటుంబాలు వచ్చాయి. వాళ్లు సూర్యుణ్నీ ఆకుల్నీ తమతోనే తెచ్చుకున్నారు. బాలకృష్ణారెడ్డి మంత్రయ్యారు, 2019లో ఒక కోర్టు తీర్పుతో పదవి పోయింది, ఉప ఎన్నికలో సూర్యుడు గెలిచాడు. 2021లోనూ సూర్యుడే. ఆ రెండు ఎన్నికల్లోనూ రెండాకుల తరఫున పోటీ చేసింది బాలకృష్ణారెడ్డి గారి భార్యే.

సరిహద్దు దాటి కుప్పం చూడండి. అదే మాట, అదే ముద్ద, ఇచ్చిపుచ్చుకునే సంబంధాలు. 1983లో ఎన్టీఆర్ గాలి వీచిన నాటి నుంచి ఈనాటి దాకా అక్కడ తెలుగుదేశం తప్ప మరొకటి గెలవలేదు. రాష్ట్రం మొత్తం 175లో 151 సీట్లు జగన్‌కు ఇచ్చిన 2019లో కూడా. పెళ్లి పందిట్లో కుప్పం వియ్యంకుడూ బేరిగై వియ్యంకుడూ పక్కపక్కన కూర్చుంటే ఒకరిది సైకిలు, ఒకరిది చెయ్యి. ఇద్దరికీ తెలుగంటే ఒకే ప్రేమ. బేరిగై ఆయనకు సైకిలు ఎక్కాలని ఎంతున్నా యంత్రం మీద ఆ బొమ్మ ఉండదు. ఉన్నవాటిలో ఏది తన గడపకు దగ్గరో చూసుకున్నాడు, అంతే. రాష్ట్రం ఫలానా పార్టీ వైపు మొగ్గిందని పేపర్లో చదివినప్పుడల్లా నాకీ ఇద్దరు వియ్యంకులు గుర్తొస్తారు. అక్కడి జనం స్వభావమే అంత అని రాసే వ్యాసాలు అప్పటి నుంచి నాకు రుచించడం మానేశాయి.

2024 జూన్‌లో అదే గోపీనాథ్ కృష్ణగిరి ఎంపీగా లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసి, చివర జై తమిళనాడు అన్నారు. మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ వీడియో వారం రోజులు తిరిగింది, తెలుగు గెలిచిందని. ఆ నియోజకవర్గంలో ఆరు అసెంబ్లీ సీట్లుంటే హోసూరు వాటిలో ఒకటి మాత్రమే. ఊత్తంగరై, బర్గూరు, కృష్ణగిరి వైపు తమిళ ఊళ్లు సూర్యుడితో ఉన్న పొత్తు కొద్దీ చెయ్యి గుర్తు మీద నొక్కకపోతే ఆ తెలుగు ప్రమాణం జరిగేదే కాదు.