ఏనుగు మేత

మా హాస్టల్లో నన్ను "కార్ల వికీపీడియా" అని పిలిచేవాళ్ళు. ఏ కారు సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లలో వెళ్తుందో, దాని హార్స్‌పవర్ ఎంతో, టార్క్ ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. థర్మోడైనమిక్స్ మిడ్‌లో ఇరవైకి ఎనిమిది వచ్చినప్పుడు కూడా ఆ పేరు పోలేదు. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే మాత్రం సిగ్గేస్తోంది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉంది. వేసవి సెలవులకి మా పెద్దనాన్న కొడుకు ఊరి నుంచి వచ్చేవాడు. ఇద్దరం రిపేరుకొచ్చిన అంబాసిడర్లలో కూర్చుని, స్టీరింగ్ తిప్పుతూ, నోటితో ఇంజన్ చప్పుడు చేస్తూ మధ్యాహ్నాలు గడిపేసేవాళ్ళం. అన్నయ్య పెద్దయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. నేను మెకానికల్‌లో చేరాను. కార్ల పిచ్చి మాత్రం ఇద్దరికీ అలాగే ఉండిపోయింది.

నేను సెకండియర్‌లో ఉండగా ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఒక కారు చూశాను. నువ్వు చెప్తేనే కొంటా" అన్నాడు. రెండు సీట్ల జర్మన్ స్పోర్ట్స్ కారు, 2010 మోడల్. కొత్తప్పుడు ముప్పావు కోటి దాకా ఉండేది, ఇప్పుడు ఇరవై రెండు లక్షలకి ఇస్తున్నారట. కంపెనీ పేరు ఇక్కడ రాయను. తప్పు కంపెనీది కాదు, మాది.

నేను ఎగిరి గంతేశాను. హార్స్‌పవర్ చెప్పాను, బరువు చెప్పాను, ఇంజన్ మధ్యలో ఉండటం వల్ల మలుపుల్లో కారు ఎంత బాగా తిరుగుతుందో పావుగంట చెప్పాను. చివర్లో అన్నయ్య ఒక్క ప్రశ్న అడిగాడు. "మెయింటెనెన్స్ ఎలా ఉంటుందిరా?"

"వారానికోసారేగా బయటికి తీసేది. ఎంతవుతుందన్నయ్యా? కొనెయ్. ఈ రేటుకి మళ్ళీ దొరకదు" అన్నాను.

ఆ మాటకి నా దగ్గర ఆధారం ఏమీ లేదు. నాకు తెలిసినవన్నీ వేగం గురించిన అంకెలే. ఆ వేగాన్ని నిలబెట్టడానికి ఎంతవుతుందో ఒక్క అంకె కూడా తెలీదు.

సంక్రాంతికి అన్నయ్య ఆ కారులోనే విజయవాడ బయల్దేరాడు. నందిగామ దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేవడం మొదలైందట. ఆగుతూ, చల్లార్చుకుంటూ, మెల్లగా నేరుగా షెడ్డుకి తీసుకొచ్చాడు. ఆటోనగర్‌లో ఆ కారు చుట్టూ తిరునాళ్ళలా జనం. పక్క షెడ్డు కుర్రాళ్ళు సెల్ఫీలు దిగుతున్నారు. నాకు గాల్లో తేలినట్టుంది.

నాన్న చేతులు గుడ్డకి తుడుచుకుని వచ్చి ముందు బానెట్ ఎత్తాడు. లోపల డిక్కీ. వెనక్కి వెళ్ళి అదీ ఎత్తాడు. అక్కడా డిక్కీయే.

"ఇంజనేదిరా? ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఇంజన్ సీట్ల వెనక, మధ్యలో ఉంటుందని, పై నుంచి చెయ్యి పెట్టడానికి దారి ఉండదని నేను గర్వంగా వివరించాను. నాన్న విన్నాడు. అట్టముక్క పరుచుకుని కిందకి దూరి పది నిమిషాలు టార్చి వేసి చూశాడు. బయటికొచ్చి, "కూలెంట్ కారుతోంది. వాటర్ పంపు అయ్యుంటుంది. నేను మాత్రం విప్పను" అన్నాడు.

"నువ్వు చెయ్యలేని బండి ఉందా బాబాయ్?"

"చెయ్యలేక కాదురా. ఏ బోల్టు ఎంత బిగించాలో నాకు తెలీదు. తెలియని బండి విప్పితే నీ డబ్బుతో నేను పని నేర్చుకున్నట్టవుతుంది." ఒక్క క్షణం ఆగి అడిగాడు. "కొనేముందు సర్వీస్ పుస్తకం చూశావా?"

అన్నయ్య నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

పుస్తకం కారులోనే ఉంది. నాన్న తిరగేశాడు. మొదటి కొన్నేళ్ళు ముద్రలు వరసగా ఉన్నాయి. చివరి మూడేళ్ళ పేజీలు ఖాళీ. "ముప్పావు కోటి బండి ఇరవై రెండు లక్షలకి ఎందుకొచ్చిందో ఇందులోనే రాసుందిరా" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పండగ అయ్యాక కారు లారీ మీదెక్కి హైదరాబాద్ తిరిగెళ్ళింది. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఏడాది చివర్లో అన్నయ్యా నేనూ కూర్చుని ఎక్సెల్ షీట్ వేశాం. ఆ ఏడాది కారు తిరిగింది నాలుగు వేల కిలోమీటర్లు. ఖర్చు ఇదీ: పెట్రోలు 53,500. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ఫ్లూయిడ్‌తో సర్వీసు 85,000. వాటర్ పంపు, థర్మోస్టాట్, లారీ కిరాయితో కలిపి 1,60,000. వెనక టైర్లు రెండు 90,000. ఇన్సూరెన్స్ 75,000. బ్యాటరీ 28,000. మొత్తం 4,91,500 రూపాయలు. కిలోమీటరుకి సుమారు 123 రూపాయలు. ఇందులో లోన్ ఈఎంఐ లేదు, కారు విలువ పడిపోయిన లెక్క లేదు.

మనమందరం మొదట అడిగే ప్రశ్న "మైలేజీ ఎంత?" అని కదా. ఈ షీట్‌లో పెట్రోలు వాటా పదకొండు శాతమే.

ఎందుకింత అవుతుందో అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఈసారి బ్రోచర్లు కాదు, సర్వీస్ మాన్యువళ్ళు. చదివేకొద్దీ ఇదంతా మన సిలబస్‌లోనే ఉందని అర్థమైంది. నేనే ఆ దృష్టితో చూడలేదు.

బ్రేకులే తీసుకోండి. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంటర్లోనే చదువుకున్నాం. అరవై వేగం నుంచి కారుని ఆపడానికీ రెండొందల వేగం నుంచి ఆపడానికీ తేడా మూడు రెట్లు కాదు, పదకొండు రెట్లు. ఆ శక్తంతా డిస్కుల్లో వేడిగా మారాలి. అందుకే పెద్ద డిస్కులు, ఖరీదైన ప్యాడ్లు. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. పీల్చుకున్నకొద్దీ దాని మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. కాబట్టి కారు తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి మార్చమంటారు.

టైర్లు రోడ్డుని గట్టిగా పట్టుకోవాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి. మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది. పట్టు, మన్నిక రెండూ ఒకే టైరులో పూర్తిగా దొరకవు. ఇక ఇంజన్ ఎక్కడుందన్నది కూడా బిల్లులో కనిపిస్తుంది. మలుపుల్లో బరువు సమంగా ఉండాలని ఇంజన్ని మధ్యలో పెడితే, మెకానిక్ చెయ్యి దూరే జాగా ఉండదు. ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజన్‌ని మొత్తం కారులోంచి కిందకి దించాల్సిందే. బెల్టుది రబ్బరు ఖరీదే. మిగతా బిల్లంతా విప్పి బిగించిన గంటలది.

పైకి వెళ్ళేకొద్దీ లెక్కలు ఇంకా వింతగా ఉంటాయి. బుగాటీ వేరాన్‌కి పదహారు సిలిండర్లు, నాలుగు టర్బోలు, పది రేడియేటర్లు. గంటకి 400 కిలోమీటర్లు దాటిన పూర్తి వేగంతో నడిపితే వంద లీటర్ల ట్యాంకు పన్నెండు నిమిషాల్లో ఖాళీ. మెక్‌లారెన్ ఎఫ్1 అయితే 1990లలో తయారైన కారు. దాన్ని పరీక్షించడానికి ఆ కాలం నాటి కాంపాక్ ల్యాప్‌టాప్‌నే కంపెనీ వాళ్ళు చాలా ఏళ్ళు కాపాడుకుంటూ వచ్చారు. కారుతో పాటు ల్యాప్‌టాప్‌కి కూడా మెయింటెనెన్స్ అన్నమాట!

మా అన్నయ్య కారు వీటి ముందు చిన్నపిల్ల. అయినా సూత్రం ఒకటే. కారు పాతబడితే కొనే ధర పడిపోతుంది. దానిలోని పంపు ధర, డిస్కు ధర, టైరు ధర మాత్రం అలా పడవు. ఇరవై రెండు లక్షలకి కొన్నా, సర్వీస్ సెంటర్లో అది ముప్పావు కోటి కారే. బయటికి తీయకుండా మూల పెడితే ఖర్చు తగ్గుతుందనుకుంటే అదీ లేదు. బ్యాటరీ దిగిపోతుంది, రబ్బరు గొట్టాలు ఎండిపోతాయి, ఒకేచోట నిలబడ్డ టైర్లు ఆకారం తప్పుతాయి.

ఇదంతా అంకెల్లో చెప్పేశాను కానీ, అంకెల్లో లేనిది ఒకటుంది.

ఊళ్ళో పెద్దనాన్న ఇంటి మీద పై అంతస్తు కడుతున్నారు. అన్నయ్య నెలనెలా పంపే డబ్బుతోనే పని నడిచేది. ఆ ఏడాది డబ్బు కారుకి పోయింది. పిల్లర్లు లేచాయి, స్లాబు పడలేదు. ఇనుప చువ్వలు పైకి లేచి, వానకి తుప్పు పట్టి, అలాగే ఉండిపోయాయి. పెద్దమ్మ వాటికి తీగ కట్టి బట్టలు ఆరేస్తోంది. పెద్దనాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నయ్య నా పేరు చెప్పాడో లేదో కూడా నాకు తెలీదు. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను మేడ వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోతాను.

పద్నాలుగు నెలల తర్వాత కారు పదిహేను లక్షలకి అమ్మేశాడు. అమ్మే ముందురోజు నాకు వీడియో కాల్ చేసి ఇంజన్ స్టార్ట్ చేసి వినిపించాడు. ఆ చప్పుడు మాత్రం అద్భుతం, ఇప్పటికీ ఒప్పుకుంటాను. "బాధగా ఉందా?" అని అడిగాను. "ఏడాది నడిపానురా, చాలు" అన్నాడు. కాసేపాగి, "ఏనుగుని కొనగలిగాను. మేపలేకపోయాను" అన్నాడు.

పోయిన వేసవిలో రెండు నెలలు నాన్న షెడ్డులోనే పనిచేశాను. ఎవరైనా సెకండ్‌హ్యాండ్ బండి చూపించడానికి తెస్తే నాన్న ఏం చూస్తాడో పక్కన నిలబడి చూశాను. స్టార్ట్ చేయడం అన్నిటికంటే చివర. ముందు పుస్తకం చూస్తాడు. తర్వాత టైరు పక్కన ఉండే నాలుగంకెలు. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైనదని అర్థం. ఆ తర్వాత బండి నిలబడ్డ చోట నేల మీద మరకలేమైనా ఉన్నాయా అని. చివరికి కొనేవాణ్ణి అడుగుతాడు: "ఏడాదికి దీని మీద ఎంత పెట్టగలవు?" చాలామంది ఆ ప్రశ్నకి తడబడతారు. నేనైతే ఆ ప్రశ్న అడగాలనే అనుకోలేదు.

మొన్న మా జూనియర్ ఒకడు రూముకొచ్చాడు. సెకండ్‌హ్యాండ్ సూపర్‌బైక్ చూశాడట, వాళ్ళ నాన్న పొలం కౌలు డబ్బు వస్తోందట. "రేటు అదిరింది అన్నా, నువ్వు చెప్పు" అన్నాడు. హార్స్‌పవర్ నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకున్నాను. ల్యాప్‌టాప్ తెరిచి ఖాళీ షీట్ ముందు పెట్టి, "టైర్ల జత ఎంత? చైన్ కిట్ ఎంత? ఇన్సూరెన్స్ ఎంత? కనుక్కుని ఇందులో వేసుకురా, తర్వాత మాట్లాడదాం" అన్నాను.

వాడు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులైంది, మెస్‌లో కనిపించినా పలకరించడం లేదు. పర్లేదు. షీట్ మాత్రం తీసుకెళ్ళాడు.