తోట గట్టున కొట్టు

తోటలో అతిథులకు గదులు కడితే గిట్టుబాటవుతుందా అని నన్ను అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. ఉద్యోగం మానేసి ఊరికొద్దామనుకునే పిల్లలు, పిల్లల్ని అమెరికా పంపించి తోట ఏం చేయాలో తోచని పెద్దవాళ్ళు, అందరి ప్రశ్నా గదులతోనే మొదలవుతుంది. ముందు కాయ అమ్మండి, గది సంగతి ఆ డబ్బులు కళ్ళజూశాక ఆలోచించండి అని చెబుతాను. మా నూజివీడు తోటలో మేం పెట్టిన ప్రతి రూపాయీ ఈ వరసలోనే పెట్టాం. కాయ, పచ్చడి, భోజనం, చిట్టచివర గది. ఆ వరసకు కారణాలు లెక్కల్లోనే ఉన్నాయి కాబట్టి లెక్కలతో సహా రాస్తున్నాను.

మాది ఎనిమిదెకరాలు. మా మామగారు నాటిన చెట్లు, ఎకరానికి నలభై. సగానికి పైగా బంగినపల్లి, మిగిలినవి చిన్న రసాలు, పెద్ద రసాలు, కొన్ని సువర్ణరేఖలు, పచ్చడికని ఆయన ముచ్చటపడి పెట్టుకున్న నాలుగైదు కొత్తపల్లి కొబ్బరి చెట్లు. మా ప్రాంతంలో చాలామంది లాగే ఏటా పూత మీదే తోట గుత్తకిచ్చేవాళ్ళం. మందులు కొట్టించడం, కాపలా, కోత అన్నీ గుత్తదారువే. గాలివాన వచ్చినా నష్టం అతనిదే. ఎకరానికి యాభై వేల చొప్పున నాలుగు లక్షలు ఇంటికి నడిచొచ్చేవి. గుత్త చెడ్డ పద్ధతని నేను ఎప్పుడూ అనను. పూతకూ కోతకూ మధ్య ఉన్న భయమంతా వేరేవాళ్ళు మోస్తున్నప్పుడు దానికో ధర ఉంటుంది. ఆ ధర ఎంతో తెలుసుకోవాలనే కొట్టు మొదలుపెట్టాం.

అందుకే తోట మొత్తం ఆపుకోలేదు. ఆరెకరాలు గుత్తకిచ్చి, రోడ్డు వైపు రెండెకరాలు మాత్రం ఉంచుకున్నాం. ఇల్లు నడవడానికి మూడు లక్షలు ఎలాగూ వస్తాయి. ప్రయోగం చెడితే పోయేది లక్ష. మా ఆయనకూ నాకూ ఆ లక్ష మీద ముందే మాట కుదిరింది: పోయినా ఒకరినొకరం అనుకోకూడదని.

ఇప్పుడు కిలో లెక్క చూడండి. మంచి కోత రోజుల్లో నున్న మార్కెట్లో కిలో 20 రూపాయలు పలికే బంగినపల్లి, ముగ్గిన పండుగా మా కొట్టులో 80కి పోతుంది. వినేవాళ్ళకు 60 రూపాయలు మిగిలినట్టే ఉంటుంది. కోతకూ మోతకూ 5, వరిగడ్డిలో ముగ్గేసి తిరగేసే పనికి 4, ఐదు కిలోల అట్టపెట్టె 40 రూపాయలు కాబట్టి కిలోకి 8, కొట్టులో మనిషి జీతం, కరెంటు కలిపి 9. కుళ్ళినవి, మచ్చ పడ్డవి, సైజు రానివి వందకు పదిహేను తీసి పక్కన పెట్టాలి, అది 12. 80లోంచి ఇవన్నీ పోగా 42. ఆరు టన్నుల మీద రెండున్నర లక్షలు. గుత్తదారు పెట్టే మందుల ఖర్చు, కాయకు కాగితం కవర్లు తొడిగే ఖర్చు ఇప్పుడు మాదే, అరవై వేలు. అంటే లక్షా తొంభై వేలు. గుత్తకిస్తే ఆ రెండెకరాల మీద లక్ష వచ్చేది. మొదటి వేసవి మా సంపాదన ఆ తొంభై వేలే. తక్కువేం కాదు. కానీ దాన్ని చూపించి బ్యాంకులో నలభై లక్షలు అడిగేంత పెద్దదీ కాదు.

జీతం అని రాశాను చూడండి, ఆ కొట్టు మనిషిని నేనే. నెలకు 12,000 నా పేరున ఖర్చు రాసుకుంటాను. ఇంట్లో ఆడవాళ్ళ పని లెక్కలోకి రాకపోవడం వల్ల లాభాల్లో ఉన్నట్టు కనబడే వ్యాపారాలు మన ఊళ్ళల్లో చాలా ఉన్నాయి. నేను ఒక నెల మంచాన పడితే ఆ పని చేసే మనిషికి డబ్బు ఇవ్వాల్సిందే కదా. అప్పుడు తెలిసే నిజం ఇప్పుడే పుస్తకంలో ఉండాలి.

కార్బైడ్ వాడబోమని బోర్డు రాయించాం. దేశంలో దానితో పళ్ళు ముగ్గబెట్టడం ఎప్పటినుంచో నిషేధం. ఎథిలిన్ వాయువుకు 100 పీపీఎం వరకు అనుమతి ఉంది. మేం అది కూడా లేకుండా గడ్డిలోనే వేస్తాం. పండు రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది, రంగు ఒకే తీరుగా రాదు. కొనేవాళ్ళకు ముగ్గేసిన గది తలుపు తీసి చూపిస్తాం. ధర గురించి బేరమాడే జనం ఆ గడ్డి వాసన తగిలాక బేరం ఆపేయడం నేను చాలాసార్లు చూశాను. మా పండుకు 80 రూపాయలు పలికేది ఆ గది చూసినందుకే.

పచ్చడి రెండో మెట్టు. ఏప్రిల్, మే గాలులకు రాలిపోయే కాయ మామిడి రైతు గుండెకోత. దాన్ని మాగాయ, తొక్కుపచ్చడి, ఒరుగులు చేస్తే కొంతైనా వెనక్కి వస్తుంది. ఆవకాయకు మాత్రం రాలిన కాయ పనికిరాదు, చెట్టు నుంచి కోసిన గట్టి కాయే కావాలి. కిలో ఆవకాయకు కాయ 15, నువ్వుల నూనె 100, కారం 35, ఆవపిండి, ఉప్పు, వెల్లుల్లి కలిపి 25, సీసా, మూత, లేబుల్ 30, కూలి 40. మొత్తం 245. అమ్మేది 450.

ఇందులో కాయకు 15 ఎందుకు, సొంత తోటదే కదా అని మా అత్తగారు అడిగారు. నేను మాత్రం తోట ఖాతా నుంచి పచ్చడి ఖాతాకు ఆ రోజు మార్కెట్ ధరకే కాయ అమ్ముతాను. తోటలో పండిన కాయ అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం, దానికి పన్ను లేదు. పచ్చడి పెట్టి అమ్మితే వచ్చే లాభం, అతిథుల దగ్గర తీసుకునే రుసుం వ్యాపార ఆదాయం. సొంత పంటను ముడిసరుకుగా వాడినప్పుడు దాని మార్కెట్ విలువను వ్యాపార లాభంలోంచి తీసేసుకోవడానికి పన్ను నిబంధనలే ఒప్పుకుంటాయి. రెండూ కలిపి ఒకే పుస్తకంలో రాసుకుంటే ఆ విలువ ఎంతో చూపించడం కష్టం. పైగా వ్యాపార ఆదాయం మినహాయింపు పరిమితి దాటితే, పన్ను రేటు లెక్కకు వ్యవసాయ ఆదాయాన్ని కూడా కలుపుతారు. అందుకని మూడు బ్యాంకు ఖాతాలు: తోట, కొట్టు, అతిథులు. ఏది దేన్ని పోషిస్తోందో నెలాఖరుకు తెలిసిపోవాలి.

పచ్చడిలో లాభం కనబడినంత తేలికగా చేతికి రాదు. వెయ్యి కిలోలు పెడితే మే నెలలోనే రెండున్నర లక్షలు జాడీల్లోకి వెళ్ళిపోతాయి. అవి సీసాల్లో ఎక్కి, ఆర్టీసీ కార్గోలో హైదరాబాదు చేరి, డబ్బై తిరిగొచ్చేసరికి సంక్రాంతి దాటుతుంది. ఆ మధ్యలో ఎరువు కొనాలి, ఫీజులు కట్టాలి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల వరకు, గడువులో కడితే 4 శాతానికే డబ్బు దొరుకుతుంది. ఆ చవక డబ్బును నూనెకూ సీసాలకూ తిప్పేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. మేం దాన్ని తోట మందులకూ ఎరువుకూ తప్ప ముట్టుకోలేదు. పంట అప్పు పంట కోసినప్పుడు తీరాలి. జాడీలో ఉన్న సరుకు జూన్‌లో ఆ అప్పు తీర్చదు.

పచ్చడి షెడ్డుకు మాత్రం అప్పు చేశాం. కేంద్రం 2020లో తెచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకం, పీఎంఎఫ్ఎంఈ అంటారు, దాని కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, పది లక్షలకు మించకుండా సబ్సిడీ ఉంది. మా గ్రైండరు, స్టీలు బల్లలు, సీలు వేసే యంత్రం, షెడ్డు కలిపి నాలుగున్నర లక్షలయ్యాయి. సబ్సిడీ అంటే చేతికొచ్చే డబ్బని చాలామంది అనుకుంటారు. అది బ్యాంకులోనే ఉండి, మనం వాయిదాలు సక్రమంగా కట్టుకుంటూ పోతే తర్వాత అప్పులో సర్దుబాటవుతుంది. సబ్సిడీ లేకపోయినా కట్టగలమనే లెక్క తేలాకే సంతకం పెట్టాం.

మనుషులు తోటలోకి రావడం మేం అనుకుని మొదలుపెట్టిన పని కాదు. మా ఊళ్ళో ట్రిపుల్ ఐటీ ఉంది. దాన్ని నడిపే ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయాన్ని 2008లో పెట్టిన దగ్గర్నుంచి రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు, వాళ్ళను చూడటానికి సెలవు రోజుల్లో తల్లిదండ్రులు వస్తారు. పండ్లు కొనడానికి ఆగినవాళ్ళు, "అమ్మా, కాసేపు చెట్టు కింద కూర్చుని తెచ్చుకున్నది తినొచ్చా?" అని అడిగేవాళ్ళు. తర్వాత, "భోజనం మీరే పెడతారా?" అన్నారు. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర, చారు, పెరుగు, పండు. పెద్దవాళ్ళకు 500, పిల్లలకు సగం. వంటకూ వడ్డనకూ శుభ్రానికీ పోను మనిషికి 220 మిగులుతుంది. అంతకంటే ముఖ్యం, చెట్ల కింద మూడు గంటలు గడిపిన కుటుంబం వెళ్ళేటప్పుడు వెయ్యి, పన్నెండు వందల సరుకు పట్టుకెళుతుంది. రోడ్డు మీద కారు ఆపి కొనేవాళ్ళు ఒక పెట్టెతో సరిపెడతారు. కాబట్టి నా దృష్టిలో భోజనం కొట్టుకు మనుషుల్ని తెచ్చే పని, అదే అసలు వ్యాపారం కాదు.

దాచుకున్న డబ్బులోంచి మూడున్నర లక్షలు ఇక్కడ ఖర్చుపెట్టాం. మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే కుళాయిలు, బావి చుట్టూ కంచె, కార్లకు తోట బయట జాగా. కార్లు చెట్ల కింద నిలిపితే నేల గట్టిపడి వేళ్ళు దెబ్బతింటాయి, ఈ విషయంలో ఎంత దగ్గరి చుట్టాలకైనా మినహాయింపు లేదు. ఆడవాళ్ళు మళ్ళీ వస్తారా లేదా అన్నది మరుగుదొడ్డి దగ్గరే తేలుతుంది. పెట్టుబడుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ తిరిగిచ్చింది అదే.

ఇక గదులు. మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో ఉంటాడు, మామీద ప్రేమతోనే ఒక అంచనా వేసి తెచ్చాడు. నాలుగు కాటేజీలు, ఒక ఈత కొలను, 40 లక్షలు.

"అత్తా, ఈత కొలను లేకపోతే ఈ రోజుల్లో ఎవరొస్తారు? బ్యాంకు ఇస్తానంటోంది కదా."

"ఇస్తుందిరా నాన్నా, భూమి కాగితాలు పెట్టుకుని ఇస్తుంది. తీర్చేది ఎట్లాగో లెక్కేద్దాం, కూర్చో" అన్నాను.

పదకొండు శాతం వడ్డీ, పదేళ్ళ గడువు. నెలకు 55,100 వాయిదా, ఏడాదికి 6,61,200. గది అద్దె రాత్రికి 2,500 అనుకుంటే దుప్పట్ల ఉతుకు, కరెంటు, టిఫిను, పనిమనిషి, బుకింగ్ కమీషన్ పోను 1,200 మిగులుతుంది. వాయిదాలు కట్టడానికే ఏటా 551 రాత్రులు నిండాలి. మా దగ్గరికి జనం వచ్చేది శని, ఆదివారాలు. ఏడాదిలో 52 వారాలూ, రెండేసి రాత్రులు, నాలుగు గదులూ ఒక్కటీ ఖాళీ లేకుండా నిండినా 416. వానలు, పరీక్షలు, ఎండలు అన్నీ మర్చిపోయి వేసిన లెక్కే ఇది. భూమిని వ్యవసాయేతర వాడకానికి మార్చే ఖర్చు, కొలను నీళ్ళు, కాపలా అందులో లేవు. వాడు చాలాసేపు కాగితం చూస్తూ కూర్చుని, "వద్దులే అత్తా" అన్నాడు.

అరకు వాళ్ళకు గదులు నిండవా అని అడుగుతారు. అరకు వెళ్ళేవాళ్ళు కొండల కోసం వెళ్ళి కాఫీ పొడి కొనుక్కొస్తారు. నూజివీడు వచ్చేవాళ్ళు మామిడి కోసమే వస్తారు, పండు లేనప్పుడు రారు. రెండు చోట్లా ఒకే అంచనా పనిచేయదు. మహారాష్ట్రలో పాండురంగ్ తావరే 2005లో బారామతి దగ్గర వ్యవసాయ పర్యాటకం మొదలుపెట్టినప్పుడు కూడా ఎడ్లబండి, ఇంటి భోజనం, పొలం పని చూపించడమే ముందుకొచ్చాయి. ఆ రాష్ట్రం 2020లో దానికో విధానమే తెచ్చింది. ఆ దారి మా బోటి వాళ్ళకు దగ్గరది.

మా మండువా ఇంట్లో వాడకం లేని రెండు గదులు బాగుచేయించి, అంతటితో ఆగాం. అప్పు లేదు కాబట్టి అవి ఖాళీగా ఉన్నా మాకు నిద్ర పడుతుంది. జూన్‌లో సెలవులకొచ్చే అమెరికా పిల్లలు చివరి రసాల కోసం వాటిలో దిగుతారు. వానాకాలం మా చెట్ల అంటు మొక్కలు అమ్ముతాం, చలికాలం బడి పిల్లలకు అంటు కట్టడం చూపిస్తాం. ఆ నెలల్లో కొట్టు నడుస్తుంది గానీ పెద్దగా మిగలదు.

బంగినపల్లి ఒక ఏడు విరగకాస్తే మరో ఏడు చెట్టు ఊరుకుంటుంది. అందుకని కాపు ఏడు మిగిలినదాంట్లో మూడో వంతు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడుతుంది, కాపు లేని ఏడు కూలీల జీతాలు అందులోంచి వస్తాయి. కూలీలు చెదిరిపోతే కొట్టు మళ్ళీ నిలబెట్టడం కష్టం. గుత్తకు ఇప్పుడు నాలుగెకరాలే ఇస్తున్నాం, ఆ నాలుగూ ఆపుకునే ఆలోచన లేదు.

మీకు రోడ్డు పక్కన తోట ఉంటే ఈ పూతకు ఒక పని చేయండి. రెండెకరాలు గుత్తకివ్వకుండా ఉంచుకోండి, గట్టున తాటాకు పందిరి వేయండి, మీ జీతంతో సహా ఒక వేసవి లెక్క రాయండి. కాటేజీల అంచనా ఎవరైనా తెస్తే ఆ పుస్తకం పక్కన పెట్టి చూడండి.