ఆడి సంగతి నీకేటి?

మా చిన్నాన్న కొడుకూ నేనూ మూడు నెలల తేడాతో పుట్టాం. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం భావనపాడులో మావి ఎదురెదురు ఇళ్ళు. వరసకు వాడు తమ్ముడే గానీ, ఏనాడూ నన్ను అన్నా అని పిలవలేదు. నాన్న, చిన్నాన్న ఒకే పడవలో వేటకెళ్ళేవారు. వచ్చిన డబ్బు ఇసుకలోనే కూర్చుని సమంగా పంచుకునేవారు. ఆ విద్య మా ఇద్దరికీ అబ్బలేదు.

టెన్త్ మార్కులు, ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు... ఏది వచ్చినా ముందు వాడిది చూసి, తర్వాత నాది చూసుకునేవాణ్ణి. మా అమ్మా అంతే. నా మార్కులు చెప్పగానే "మరి ఆడికెన్నొచ్చాయిరా?" అనేది. 2018లో ఇద్దరం ఇంజినీరింగ్ పూర్తి చేశాం. ఆ అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. మా ఇంటి రేకులు ఎగిరిపోతే రెండ్రోజులు మాతోపాటు నిలబడి కప్పు వేయించింది వాడే. నేను కింద నుంచి రేకు అందిస్తూ, వాడికి ఆఫర్ లెటర్ వచ్చింది, నాకింకా రాలేదు అని ఆలోచిస్తున్నాను.

నాయనమ్మ కాలం నుంచి మేం ప్రార్థనకు వెళ్ళే కుటుంబం. కయీను కథ, యోసేపు అన్నల కథ, దావీదు మీద సౌలు ఈటె విసిరిన కథ సండే స్కూల్లోనే నోటికొచ్చేశాయి. అసూయ అంటే ఈటె విసిరేంత పెద్దదై ఉండాలనుకునేవాణ్ణి. రాత్రి పన్నెండింటికి లింక్డిన్‌లో వాడి ప్రొఫైల్ తెరిచి, ప్రమోషన్ కింద ఎన్ని లైకులొచ్చాయో చూసుకోవడం కూడా అదేనని తట్టలేదు.

2023లో ఐటీ ఉద్యోగాలు ఊడుతున్నప్పుడు బెంగళూరులో వాడి ఉద్యోగం కూడా పోయింది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. మా టీమ్‌లో వాడికి సరిగ్గా సరిపోయే ఖాళీ ఉంది. ఫోన్ చేసి, "ఒక రిఫరల్ పెట్టరా" అన్నాడు. సరేనన్నాను. పెట్టలేదు. వారం తర్వాత అడిగితే "పెట్టాన్రా, హెచ్ఆర్ వాళ్ళు ఏం చెప్పలేదు" అన్నాను. నా ఫ్లోర్‌లో, నా పక్క సీట్లో వాడు కూర్చుంటాడన్న ఊహే నన్ను అలా చేయించింది. ఎనిమిది నెలల తర్వాత వాడే వెతుక్కుని నా కంటే మంచి జీతంతో చేరాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు, వాడి జీతం విన్నందుకు.

ఈ గుణం తీసెయ్యి ప్రభువా అని ప్రార్థన చేస్తూనే ఉండేవాణ్ణి. చేసిన పని మాత్రం ప్రార్థనలో కూడా చెప్పేవాణ్ణి కాదు, ఆయనకేదో తెలియనట్టు.

2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. అప్పటికి వేట నిషేధం మొదలై అయిదు రోజులు. మర పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. తెల్లవారుజామున వాటి మధ్యనే ఆరాధన. (మా ఊరి పేరుతో పోర్టు వస్తుందని వింటూ పెరిగాం. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన మూలపేటలో జరిగింది, పేరూ మూలపేట పోర్టే అయింది. ఆ మాటెత్తితే మా ఊళ్ళో కొందరి మొహాలు ఇప్పటికీ మాడిపోతాయి. ఊళ్ళకీ ఉంటుంది ఈ జబ్బు.)

పాస్టరుగారు యోహాను సువార్త 21వ అధ్యాయం చదివారు. రాత్రంతా వలేసినా ఏమీ పడని శిష్యులకు తెల్లారేసరికి 153 పెద్ద చేపలు పడతాయి. అంత కచ్చితంగా ఎవరు లెక్కపెట్టారని బయటివాళ్ళు అడుగుతుంటారు. మా నాన్నకి ఆ అనుమానమే రాదు. వాటాలు వెయ్యాలంటే లెక్కపెట్టాలి కదా!

నన్ను పట్టుకున్నది దాని తర్వాతి భాగం. యేసును ఎరగనని మూడుసార్లు చెప్పిన పేతురు, ఆ ఒడ్డునే మూడుసార్లు ప్రేమిస్తున్నానని చెప్పి మళ్ళీ పనికి నియమితుడయ్యాడు. తాను ఎలాంటి చావు చస్తాడో కూడా విన్నాడు. అంత జరిగాక వెనక్కి తిరిగి ఇంకో శిష్యుణ్ణి చూసి, మరి ఇతని సంగతేమిటని అడిగాడు. అది నీకెందుకు, నువ్వు నా వెనక రా అన్నట్టు జవాబిచ్చాడాయన.

పక్కన ఇసుకలో కూర్చున్న నాయనమ్మ పేతురు మీద విసుక్కుంది. "అవును మరి, ఆడి సంగతి నీకేటి?"

అంతకు ముందు అధ్యాయంలో కూడా వీళ్ళిద్దరూ సమాధి దాకా పరుగు పెడతారు. ఆ రెండో శిష్యుడే ముందు చేరాడని సువార్తలో పనిగట్టుకుని రాసి ఉంది. చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. నాలుగు వరసల అవతల, పడవకి ఆనుకుని వాడు కూర్చున్నాడు. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు సహోదరుడితో సమాధానపడమన్న మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. రాకపోతే బాగుండుననిపించింది.

ఆరాధన అయ్యాక జెట్టీ వైపు తీసుకెళ్ళి చెప్పేశాను.

"తెలుసు," అన్నాడు. "రిఫర్ చేస్తే నాకు మెయిల్ రావాలి కదరా. రాలేదు."

రోజూ కోడ్ రాసేవాణ్ణి, ఆ మెయిల్ దానంతటదే వెళ్తుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్పేవాడివి." కాసేపు సముద్రం వైపు చూశాడు. "ఆ ఎనిమిది నెలలూ నాన్నకి తెలీకుండా అప్పు చేసి ఇంటికి డబ్బు పంపాను. నువ్వు సంక్రాంతికి వచ్చి నా ఎదురుగా కూర్చుని అరిసెలు తిన్నావు."

క్షమించానని అనలేదు. లేచి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనానికి నేను వెళ్ళలేకపోయాను. మర్నాడు పొద్దున్న గుమ్మంలో నిలబడి, "నాన్న వల బాగుచేస్తున్నాడు, ఆ చివర పట్టుకోడానికి మనిషి కావాలి, రా" అన్నాడు. వెళ్ళాను. మధ్యాహ్నం దాకా చెరో కొసా పట్టుకుని కూర్చున్నాం. ఆఫీసు మాట ఇద్దరం ఎత్తలేదు.

ఆగస్టులో ఫోన్ చేసి, లీడ్ పోస్టు వచ్చిందన్నాడు. కంగ్రాట్స్ అనడానికి నాకు రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లనూ వాడు గమనించాడు.

"ఏటిరా, నెట్‌వర్క్ లేదా?" అన్నాడు నవ్వుతూ.