దూకే ముందు

వానలు పడగానే మా కాలేజీ పిల్లలు కుంటాల, బొగత జలపాతాలకు బయల్దేరతారు. చాలామందికి ఈత రాదు. నాకూ రాదు. ఊరి బావిలోకి మనల్ని దిగనివ్వలేదు. ఈత కూడా ఆ బావిలోనే ఉండిపోయింది. మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికే 1927లో అంబేడ్కర్ పోరాడాల్సి వచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నీళ్లు మనవే, వెళ్లండి. కానీ జలపాతం కింద దూకొద్దు. ఆ నురగలో గాలి ఎక్కువ, మనిషిని తేలనివ్వదు. సుడి ఈతగాళ్లనూ కిందికి లాగుతుంది. బురద నీళ్లలో బండలు కనిపించవు. ఇక్కడ ఎండ కాస్తున్నా, ఎగువన వాన పడితే వరద ఉన్నట్టుండి వస్తుంది. నీళ్ల రంగు మారితే వెంటనే ఒడ్డెక్కండి. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకొద్దు. చున్నీలు ముడేసి ఒడ్డు నుంచే విసరండి.

ముందు ఈత నేర్చుకోండి. అదీ మనకు అందకుండా చేసిన చదువే.

జై భీమ్.